బెజవాడలో గాజులకు బదులు లేతు మిషను!

విజయవాడ వెళ్ళొచ్చామంటే ఎవరైనా ఏమడుగుతారు? దుర్గమ్మ దర్శనం బాగా అయిందా, బ్యారేజీ మీద తిరిగారా, బీసెంట్ రోడ్డులో చీరలేమైనా కొన్నారా అంటారు. మా ఎదురింటి పిన్నిగారూ అదే అడిగారు. "లేదు పిన్నిగారూ, ఆటోనగర్ చూసొచ్చాం" అన్నాను. ఆవిడ నా మొహంలోకి అదోలా చూసి, "అదేం గుడమ్మా?" అన్నారు!

గుడి కాదు. లారీలకు బాడీలు కట్టే చోటు. మా వారు అక్కడ ఒక లేతు మిషను కొన్నారు. డబ్బు నాది. అందుకే నేనూ వెళ్ళాను.

ముందు మా సంగతి కొంచెం చెప్పాలి. మాది యలమంచిలి. మా అత్తగారి పుట్టిల్లూ, మెట్టినిల్లూ ఏటికొప్పాకే. లక్కపిడతల ఏటికొప్పాక అంటే చాలామందికి తెలుస్తుంది. వరాహ నది ఒడ్డున ఉన్న ఊరు. అంకుడు కర్రను లేతు మీద తిప్పుతూ, ఉలితో చెక్కుతూ, అది తిరుగుతూ ఉండగానే లక్క బద్దను ఆనిస్తారు. రాపిడి వేడికి లక్క కరిగి కర్రకు పట్టుకుంటుంది. ఆ మీద మొగలి ఆకుతో రుద్దితే అద్దంలా మెరుస్తుంది. రంగులకు పసుపు, జాఫ్రా గింజలు, నీలిమందు లాంటివి వాడతారు. ఆ చెట్ల రంగులను మళ్ళీ వాడుకలోకి తెచ్చిన సి.వి. రాజు గారికి 2023లో పద్మశ్రీ ఇచ్చారు. 2017లో ఈ బొమ్మలకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. 2025 రిపబ్లిక్ డే నాడు ఢిల్లీలో మన రాష్ట్రం శకటం మీద ఊరేగినవీ ఈ బొమ్మలే. టీవీలో చూసి మా అత్తగారు కళ్ళు తుడుచుకున్నారు.

ఆవిడ కాపురానికి వచ్చిన కొత్తలో కరెంటు లేతులు లేవట. ఆవిడ తాడు లాగుతుంటే కర్ర తిరిగేది, మామగారు ఉలి పట్టేవారు. "మీ మామగారు చెక్కారంటారు గానీ, సగం చెక్కింది నా భుజాలమ్మా" అంటుంటారు. లేతు అనరావిడ. తరిమెన అంటారు. ఆ మాట ఇప్పటి పిల్లలకు తెలీదు.

మా వారు బొమ్మల పనిలో ఉండలేదు. చిన్న వస్తువులకు ఓపిక చాలదట ఆయనకి. మంచం కోళ్ళు, ఉయ్యాల స్తంభాలు, మెట్ల కటకటాలు, ఇలాంటివి చేస్తారు. మాకున్నది చిన్న లేతు. కోళ్ళకూ, చపాతీ కర్రలకూ అయితే బాగానే పనికొచ్చేది. ఇబ్బందల్లా బరువైన కర్ర పెట్టినప్పుడే. పెద్ద దుంగ ఎప్పుడూ సమంగా ఉండదు కదా, ఒకవైపు బరువు, ఒకవైపు తేలిక. అది గిరగిరా తిరిగేసరికి మిషను కూడా దాంతోపాటు ఊగుతుంది. మిక్సీలో చట్నీ ఒక పక్కకే చేరితే మిక్సీ బల్ల మీద ఎలా గెంతుతుందో చూశారుగా, అలాగన్నమాట. మా లేతును నేలకు బిగించినా గదంతా అదిరేది.

2023 దసరా ముందు ఒక టేకు దుంగ అలాగే ఊగి, వెనక పట్టు సడలి, ఎగిరొచ్చి ఆయన కుడి భుజానికి తగిలింది. తల మీద పడి ఉంటే ఈ కబుర్లు చెప్పడానికి నేనుండేదాన్ని కాను. రెండు నెలలు చెయ్యి మెడకు కట్టుకుని కూర్చున్నారు. అన్నం నేనే కలిపి పెట్టాను.

కట్టు విప్పిన మర్నాడే, కాకినాడ వైపు ఒకాయన కొత్తింటి మండువాకి ఎనిమిది స్తంభాలు కావాలని వచ్చాడు. ఒక్కొక్కటి ఆరడుగులు, తొడ లావు. మంచి డబ్బు. మా వారు ఒప్పుకున్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది. "ఆ డొక్కు మిషను మీద మళ్ళీ దుంగ ఎక్కిస్తే నేను మా పుట్టింటికి పోతాను" అన్నాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. రాత్రి భోజనాలయ్యాక మెల్లగా, "బెజవాడలో ఒక పాత లేతు ఉందట. ఇంగ్లీషు వాళ్ళది. పోత ఇనుము. ఏనుగులా నిలబడుతుందట" అన్నారు.

అది వాడ్కిన్ కంపెనీది. 1897లో ఇంగ్లండులో లెస్టర్ అనే ఊళ్ళో పెట్టిన కంపెనీ. వడ్రంగం మిషన్లకు దానికి పెద్ద పేరు. ఆ రకం లేతులు తయారవడం ఎప్పుడో ఆగిపోయింది. ఎక్కడో ఒక పాత కార్ఖానా మూసేస్తే తప్ప బయటికి రావట. ఇది కూడా అలాంటిదే. ఒక ఫౌండ్రీ మూసేశారు, మిషన్లన్నీ ఆటోనగర్‌లో ఒకాయన షెడ్డుకు చేర్చారు. తొంభై అయిదు వేలు చెబుతున్నారట.

నా దగ్గర లక్ష రూపాయల చీటీ డబ్బుంది. రెండు కాసుల్లో గాజులు చేయించుకుందామని పాడకుండా ఆఖరుదాకా ఆగి తీసుకున్న చీటీ అది. మీకు తెలియనిదేముంది, ఇరవై నెలలు కూరగాయల డబ్బుల్లోంచి, పాల డబ్బుల్లోంచి మిగిల్చి కట్టింది. ఆయన అడగలేదు. అడగకపోవడమే నాకు కష్టమైంది. "సరే, కానీ నేనూ వస్తాను. నా డబ్బు ఎవరి చేతిలో పెడుతున్నారో చూడాలి" అన్నాను.

2024 సంక్రాంతి వెళ్ళిన వారం రైలెక్కాం. పులిహోర, పెరుగన్నం కట్టుకున్నాను. అన్నవరం వచ్చినప్పుడు కిటికీలోంచే సత్యదేవుడికి దణ్ణం పెట్టుకున్నాం. రాజమండ్రి వంతెన మీద గోదావరిలో రూపాయి బిళ్ళ వేసి, మిషను మంచిదవ్వాలని మొక్కాను. గోదావరికి లేతు గురించి మొక్కిన ఆడదాన్ని నేనొక్కదాన్నే అయుంటాను!

ఆటోనగర్ విజయవాడ ఊరికి తూర్పున, పటమట దాటాక ఉంటుంది. ఆసియాలో ఇంత పెద్దది లేదని అక్కడివాళ్ళు గొప్పగా చెప్పుకుంటారు. ఆ కొలతలు నాకు తెలియవు గానీ, మా రైతు బజారులో ఆకుకూరల వరస, దుంపల వరస ఉన్నట్టే ఇక్కడా వరసలున్నాయి. ఒక వీధంతా లారీ కమ్మీలు. ఒక వీధిలో రేడియేటర్లు. ఒకచోట లారీ చట్రం ఒక్కటే నిలబడి ఉంది, చర్మం వలిచిన జంతువులాగా. పక్క షెడ్డులో అలాంటి చట్రానికే చెక్కలు, రేకులు బిగించి బాడీ కడుతున్నారు. ఆ పక్కన ఒక కుర్రాడు పీట మీద కూర్చుని లారీ వెనక తామరపువ్వు వేస్తున్నాడు. ముగ్గు వేసే ఆడపిల్లలు కూడా అంత నిదానంగా, గీత తిరగకుండా వెయ్యలేరు. నిలబడి చూస్తుంటే మా వారు "లారీ కొంటావా ఏంటి, పద" అన్నారు.

వెల్డింగు మెరుపులు, సుత్తి దెబ్బలు, థిన్నరు వాసన... తలనొప్పి వస్తుందనుకున్నాను గానీ రాలేదు. ఆడవాళ్ళు లేరనుకున్నాను, ఉన్నారు. ఒకావిడ తోపుడు బండి మీద టీ అమ్ముతోంది. ఇంకొకావిడ సైకిలుకు క్యారియర్లు తగిలించుకుని షెడ్డు షెడ్డుకూ అన్నం ఇస్తోంది. పప్పు, గోంగూర, చారు, మజ్జిగ. రోజూ నలభై క్యారియర్లట. తెల్లారి మూడింటికి లేస్తానంది. ఎంత మిగులుతుందని అడగబోయి ఊరుకున్నాను.

మేం వెతికిన షెడ్డు లోపలి వీధిలో ఉంది. ఓనరు అరవై దాటిన మనిషి. మర్యాదస్తుడే. "రండమ్మా, కూర్చోండి" అని ప్లాస్టిక్ కుర్చీ తుడిచి వేశాడు. లేతు మీద గోనెపట్టా తీశాడు. నేనేదో కుట్టుమిషనుకు పెద్దన్నలాగా ఉంటుందనుకున్నాను. కాదండీ, ఆంబోతులా ఉంది! ఆకుపచ్చ రంగు, కాళ్ళు కూడా పోత ఇనుమే, పొట్ట మీద ఇంగ్లీషు అక్షరాలు పోతలోనే పోసి ఉన్నాయి. కాటా వేస్తే ఎనిమిది వందల కిలోలకు పైమాటే అన్నాడు.

అక్కడే ఒక పెద్దాయన గోడవార స్టూలు మీద కూర్చుని ఉన్నారు. ఆ ఫౌండ్రీలో ముప్ఫయ్యేళ్ళు ఈ మిషను మీదే పని చేశారట. మిషను కొనేవాళ్ళొస్తున్నారంటే చూద్దామని వచ్చారు. ఫౌండ్రీలో కర్ర లేతెందుకు బాబాయిగారూ అని అడిగాను. ఆయనకి ఉత్సాహం వచ్చింది. ఇనుము పోత పోయాలంటే ముందు అదే ఆకారంలో చెక్క నమూనా చెయ్యాలట. దాన్ని ఇసుకలో అదిమి తీస్తే అచ్చు పడుతుంది, ఆ అచ్చులో కరిగిన ఇనుము పోస్తారు. మన కజ్జికాయల చెక్కలాంటిదే అన్నాను. ఆయన నవ్వి, "కాకపోతే అమ్మా, కజ్జికాయ నూనెలో పొంగుతుంది, ఇనుము ఆరాక కుంచించుకుపోతుంది. అందుకని మేం చెక్కను ఆ మేరకు పెద్దది చేస్తాం. నూటికి ఒక వంతు. దానికి వేరే స్కేలే ఉంటుంది" అని జేబులోంచి తీసి చూపించారు. నిజమే, మామూలు స్కేలు పక్కన పెడితే అంగుళాలు కాస్త పొడుగ్గా ఉన్నాయి. ఉద్యోగం పోయినా స్కేలు జేబులోనే ఉంది!

మా వారు చొక్కా చేతులు మడిచి మిషను చుట్టూ తిరగడం మొదలుపెట్టారు. పెళ్ళిచూపుల్లో మగపెళ్ళివారు కూడా అంత పరీక్షగా చూడరు. ముందు కర్రను తిప్పే ఇరుసు పట్టుకుని పైకీ కిందకీ ఊపారు. కదిలితే బేరింగులు పోయినట్టట. కొంచెం కదిలింది. "ఫర్వాలేదు, బేరింగు మీద నంబరు ఉంటుంది, ఆ నంబరువి ఇప్పటికీ కొత్తవి దొరుకుతాయి" అన్నారు నాతో. తర్వాత వెనక మొనను తోసుకొచ్చి ముందు మొనకు ఎదురుగా పెట్టారు. రెండు సూదిమొనలూ ఒకదానికొకటి ముద్దు పెట్టుకున్నట్టు కలవాలి. కలిశాయి. స్టీలు స్కేలు నిలువుగా పెట్టి, కింద సందులోంచి వెలుతురు వస్తుందేమోనని నేల మీద పడుకుని చూశారు. ఇరుసు చివర మర మాత్రం అంగుళాల లెక్కది. మనకిప్పుడు దొరికే చక్కులు దానికి ఎక్కవు. ఎడమ వైపు ఉన్న మర ఇంకా విచిత్రం, తిరగేసి ఉంది. పెద్ద పళ్ళాలూ చక్రాలూ అటు వైపు బిగిస్తారట, మామూలు మర అయితే తిరుగుతూ తిరుగుతూ ఊడిపోతుందట.

మా వారి మొహం చూస్తే నాకు తెలిసిపోయింది, పడిపోయారని. బేరానికి వెళ్ళినప్పుడు ఆ మొహం పెట్టకూడదని పాతికేళ్ళుగా చెబుతున్నాను. చీరల షాపులోనూ అంతే, "బాగుంది" అని పైకే అనేస్తారు.

నాకేమో లక్ష రూపాయలు సంచిలో బరువుగా ఉన్నాయి. ఊరికే నిలబడలేక నేనూ మిషను చుట్టూ తిరిగాను. నాకు దాని గురించి ఏం తెలుసు? కుండ కొనేటప్పుడు ఏం చేస్తాం, వేలితో కొట్టి చూస్తాం. ఖంగుమంటే మంచిది, బొదబొదమంటే బీట. అలవాటుకొద్దీ అక్కడున్న స్పానరు తీసుకుని టంగుమని కొట్టాను. కాళ్ళ మీద కొట్టాను, ఖంగుమంది. పొడుగు దిమ్మ మీద ఆ చివర నుంచి ఈ చివరదాకా కొట్టాను, గుడి గంటలా మోగింది. వెనక మొనను పట్టుకునే దిమ్మ ఉంటుంది కదా, దాని కాలి మీద కొట్టేసరికి టప్... మళ్ళీ కొట్టాను. టప్.

"ఏమండీ, ఇది బీటేసింది" అన్నాను.

షెడ్డులో కుర్రాళ్ళు నవ్వారు. పెద్దాయన నవ్వలేదు. స్టూలు మీద నుంచి లేచొచ్చి, ఆయనే చెవి దగ్గరగా పెట్టి కొట్టి చూశారు. "రైలు చక్రాలను సుత్తితో కొట్టి చూసేది ఇందుకేగదరా" అని కుర్రాళ్ళను కసిరారు. మా వారు చాకుతో రంగు గీకారు. రంగు కింద పసుపుపచ్చగా ఒక గీత. ఇత్తడి పోసి అతికిన గీత. జానెడు పొడుగు.

ఓనరు మొహం వెలవెలబోయింది. "నాకు తెలీదమ్మా, ప్రమాణంగా తెలీదు. కొన్నప్పుడే రంగుంది" అన్నాడు. పెద్దాయన చాలాసేపు ఆలోచించి, "నేను రిటైరయ్యాక ఎవరో పడేసి ఉంటారు" అన్నారు. ఆయన గొంతు అదోలా అయింది. సొంత బిడ్డకు దెబ్బ తగిలితే ఎవరూ చెప్పలేదన్నట్టు.

వెళ్ళిపోదాం అన్నాను నేను. నా ఆలోచన ఒక్కటే, ఈయన భుజం విరగ్గొట్టింది కూడా వెనక పట్టే కదా, మళ్ళీ అదే చోట బీట ఉన్న మిషను లక్ష పోసి కొంటామా? మా వారు మాత్రం నేల మీద గొంతుక్కూర్చుని ఆ గీతను వేలితో తడుముతున్నారు. "అతుకు బాగా కుదిరింది. పొడుగు దిమ్మ పగిలితే మిషను పనికిరాదు గానీ ఇది విడి భాగం. అవసరమైతే అడుగున ఇనుప పలక వేసి బోల్టులు బిగించొచ్చు" అన్నారు. నేను పెద్దాయన వైపు చూశాను. "బాబాయిగారూ, మీ అల్లుడైతే కొనమంటారా?" అని అడిగేశాను. ఆయన వెంటనే జవాబు చెప్పలేదు. ఆ వెనక దిమ్మను గట్టిగా బిగించి, గడ్డపార పెట్టి ఇద్దరు కుర్రాళ్ళను ఊపమన్నారు. బీట దగ్గర సున్నంతో గీత గీసి, అది చెదురుతుందేమోనని కళ్ళజోడు పెట్టుకుని చూశారు. సున్నం చెదరలేదు. "పలక వేయించాకే దుంగ ఎక్కించమంటాను. వేయించకుండా ఎక్కిస్తే నువ్వన్నట్టే పుట్టింటికి పో తల్లీ" అన్నారు. ఆ మాట మా వారు ఆయనతో ఎప్పుడు చెప్పారో మరి!

ఇక బేరం నేనే చేశాను. తొంభై అయిదు నుంచి డెబ్భై రెండు వేలకు దిగింది. ఇంకా దించేదాన్నే గానీ, ఓనరు "పాత ఇనుప సామాను వాళ్ళకు ముక్కలు చేసి ఇచ్చేస్తే నాకీ గొడవ లేదు" అన్నాడు. ఆ మాటకు పెద్దాయన తల దించుకోవడం చూసి నేనే ఆపేశాను.

పలక, కొత్త బేరింగులు, అంగుళాల మరకు ఇప్పటి చక్కు ఎక్కేలా మధ్యలో ఒక తొడుగు... ఇవన్నీ ఆటోనగర్‌లోనే ఒక్క రోజులో అయిపోయాయి. అదీ ఆ చోటు గొప్పతనం. మా ఊళ్ళో అయితే నెల పట్టేది. తొడుగు చేసిన మేస్త్రీ పాత మర కొలిచి, పక్క షెడ్డు నుంచి ఒక ముక్క తెప్పించి, మధ్యాహ్నానికల్లా చేతిలో పెట్టాడు. వేడిగా ఉంది, అప్పుడే దించిన అట్టులాగా. మూడు వేల అయిదొందలు తీసుకున్నాడు. బేరింగులూ పలకా కలిపి అయిదు వేలయ్యాయి. క్రేను, లారీ కిరాయి పదకొండు వేల అయిదొందలు. అక్కడికి తొంభై రెండు వేలు. గాజుల్లో మిగిలింది ఎనిమిది వేలు.

లారీ బయల్దేరబోతుంటే పెద్దాయన ఒక గోనెసంచి తెచ్చి మా వారి చేతిలో పెట్టారు. అందులో నూనె గుడ్డల్లో చుట్టిన అయిదు ఉలులు. పిడులు చేతి చెమటకు నల్లగా నున్నగా ఉన్నాయి. డబ్బు ఇవ్వబోతే తీసుకోలేదు. మా పులిహోర డబ్బా ఇచ్చాను. అది తీసుకున్నారు.

మేమూ ఆ లారీలోనే వచ్చేశాం. డ్రైవరు పక్కన కూర్చుని రాత్రంతా ప్రయాణం. ఏలూరు దాటేసరికి చలి. రావులపాలెం దగ్గర అరటి గెలల లారీలు వరసగా ఆగి ఉన్నాయి. గౌతమి మీద వంతెన ఎక్కగానే ఈసారి మొక్కలేదు, ఊరికే దణ్ణం పెట్టాను. మా వారు ప్రతి ఊళ్ళోనూ లారీ ఆపించి తాళ్ళు సడలాయేమో దిగి చూసొచ్చారు. పెళ్ళయ్యాక నన్ను కాపురానికి తీసుకొచ్చిన రోజు కూడా అంత జాగ్రత్త పడలేదు, చెప్పొద్దూ.

ఇంటికొచ్చాక ఇంకో చిక్కు. ఆ మిషనుకు త్రీఫేజు కరెంటు కావాలి, మాకున్నది సింగిల్ ఫేజు. మోటారు షాపులో కనెక్షన్లు మార్పించి, కరెంటును మార్చే పెట్టె ఒకటి తగిలించాం. పదహారు వేలు. సగం అప్పు. కానీ ఆ పెట్టెతో వేగం తగ్గించడం, పెంచడం కూడా వీలవుతుంది. పెద్ద దుంగ ఎక్కించినప్పుడు ముందు నెమ్మదిగా తిప్పి, గుండ్రంగా వచ్చాక వేగం పెంచుతారు.

మొదటి స్తంభం ఎక్కించిన రోజు మా అత్తగారిని కుర్చీలో కూర్చోబెట్టి చూపించాం. నేను ఒక గ్లాసు నిండా నీళ్ళు పోసి మిషను దిమ్మ మీద పెట్టాను. మిషను తిరిగింది. గ్లాసులో నీళ్ళు సన్నగా వణికాయి గానీ ఒక్క చుక్క ఒలకలేదు. అత్తగారు ఆ నీళ్ళకేసి చాలాసేపు చూసి, "దీనికి తాడెవరు లాగుతున్నారే?" అన్నారు.

ఎనిమిది స్తంభాలూ ఉగాది లోపల ఇచ్చేశారు. మిగిలిన టేకు ముక్కల్లో నాకొక పప్పుగుత్తి, కవ్వం, చపాతీ పీట చేసిచ్చారు. పీటకు వార్నీషు వద్దన్నాను. తినే పిండి తగిలే చెక్కకు కొబ్బరినూనె రాసి, నీడన ఆరబెడితే చాలు. కడిగాక నీళ్ళల్లో నాననివ్వకండి, నిలబెట్టి ఆరబెట్టండి, వంకర పోదు.

వెనక దిమ్మ మీద నెలకోసారి నేనే స్పానరుతో కొట్టి చూస్తున్నాను. పలక వేశాక ఆ టప్ చప్పుడు కాస్త మారింది గానీ పూర్తిగా పోలేదు. సున్నం గీత కూడా అలాగే ఉంచాం, చెదిరితే తెలుస్తుందని. కొత్త చీటీ వైశాఖంలో మొదలుపెట్టాను. ఇది కూడా ఇరవై నెలలదే.